నాలుగు దేశాల సోకులు ఒకే ఇంట్లో కుదరాలంటే

మహబూబ్‌నగర్‌లో కొత్త ఇల్లు కట్టుకునేవాళ్లు నా దగ్గరికి ఫోను నిండా ఫొటోలతో వస్తారు. బయట రోమన్ స్తంభాలు, హాల్లో పీఓపీ పూలు, పక్కనే తాతగారి టేకు దర్వాజ, అన్నీ కావాలి. వడ్రంగిగా నాకు అభ్యంతరం లేదు, పని పెరుగుతుంది. కానీ కలపడానికో పద్ధతి ఉంది. నేనైతే పారిస్‌లోని జాక్‌మార్-ఆంద్రే భవనం ఫొటోలు ముందు పెట్టి చెబుతాను.

బ్యాంకర్ల ఇంటి వారసుడు ఎదువార్ ఆంద్రే కోసం వాస్తుశిల్పి ఆన్రీ పరాఁ 1869లో మొదలుపెట్టిన ఇల్లది. ఎదువార్, చిత్రకారిణి అయిన ఆయన భార్య నెలీ జాక్‌మార్ కనిపించిన కళాఖండమల్లా కొన్నారు. అయినా ఇల్లు సంతలా లేదు. ఎందుకంటే వీధి వైపు అంతా ఒకే తీరు రాతి ముఖభాగం. లోపల కింది అతిథి మందిరాల్లో 18వ శతాబ్దపు ఫ్రాన్సు, పై అంతస్తులో ఇటలీ. గుమ్మం దాటితేనే దేశం మారుతుంది.

మీరూ అంతే చేయండి. ఎలివేషన్‌కు, అంటే ఇంటి ముందువైపుకు, ఒకే రాయి, ఒకే రంగు. ఫ్లోరింగ్ మారాల్సి వస్తే, ఆ గీత మూసిన తలుపు మందం కిందికి రావాలి. తాండూరు బండ అంగుళం అవతలికి వచ్చి మార్బుల్ పక్కన కనిపించిందా, రెండు గదులూ చెడినట్టే. ఈ మాట బండలు పరిచే మేస్త్రీకి ముందే చెప్పి, తలుపు చట్రం నిలిపాకే గీత గీయించండి.

ఆ ఇంట్లో మెట్ల దగ్గర గాజు కప్పు కింద శీతాకాలపు తోట ఉంది. దాన్ని మాత్రం కాపీ కొట్టకండి. మే నెలలో మన ఎండకు మొక్కలే కాదు, మనుషులూ వాడిపోతారు. మెట్ల మీది స్లాబును రెండడుగులు పైకి లేపి ఉత్తరం వైపు వెంటిలేటర్లు పెట్టిస్తే వెలుతురు చాలు.

విందులప్పుడు అక్కడి పెద్ద అతిథి మందిరం పక్క గోడలు హైడ్రాలిక్ యంత్రాలతో కిందికి దిగిపోయేవి. వెయ్యిమందికి చోటు దొరికేది. బారసాలకు, ఒడిబియ్యానికి మనకూ అదే అవసరం. హాలుకూ డైనింగ్‌కూ మధ్య గోడకు బదులు నాలుగు రెక్కల మడత తలుపు పెట్టించండి. బరువంతా పై పట్టాకే వేలాడాలి, అందుకు తగిన లింటెల్ (తలుపు మీది దూలం) వేయమని ఇంజినీరుకు ముందే చెప్పాలి. కింది గాడి మీద ఆధారపడితే దుమ్ము, బియ్యం గింజలు చేరి తలుపు మొరాయిస్తుంది.

ఇక తాతగారి దర్వాజ. ఆంద్రే దంపతులు వెనిస్ దగ్గరి ఒక భవనం నుంచి ఇటలీ చిత్రకారుడు తియెపొలో వేసిన కుడ్యచిత్రాన్ని తెప్పించి, మెట్లెక్కేవాళ్ల కళ్లెదురుగా పెట్టారు. పాత వస్తువుకు చోటు అలా ఎంచాలి. పాత దర్వాజలు పొట్టివి. సింహద్వారానికి పెడితే నెత్తికి తగులుతాయి. ఎత్తు పెంచడానికి ముక్కలు అతికించకండి. పూజగదికి పెట్టండి, అక్కడ ఎలాగూ వంగుతాం. సున్నం పొరలను గట్టి బ్రష్‌తో రాలగొట్టి, అవిసె నూనె పలచగా రెండు పూతలు పూయండి. మొదటిది పూర్తిగా ఆరాకే రెండోది. కొత్త తలుపుల రంగుకు కలవాలని వార్నిష్ వేస్తానంటే మాత్రం నన్ను పిలవకండి.