పెరట్లో నీటి కుంట: ఎలా తవ్వాలి, కుండపోత వానలో ఎలా కాపాడుకోవాలి?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్ వైపు చాలా ఇళ్లకు వెనకాల పెద్ద పెరడే ఉంటుంది. నాలుగు కొబ్బరి చెట్లు, పశువుల శాల, కాస్త కూరగాయల మడి. వానాకాలమంతా అక్కడ కాలు పెట్టలేనన్ని నీళ్లు. ఫిబ్రవరి దాటిందంటే నుయ్యి అడుగంటుతుంది, వంగ మొక్కలకు బిందెలతో మోయాల్సిందే. అందుకే పెరట్లో ఓ కుంట ఉంటే బాగుండునని అందరికీ అనిపిస్తుంది.

తవ్వడం కష్టమేం కాదు, జేసీబీ వస్తే ఒక రోజు పని. నిండడమూ కష్టం కాదు. నిండాక వచ్చే నీళ్లను ఎటు పంపాలన్నదే అసలు సమస్య. 2013 అక్టోబర్ 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2014లో అదే తేదీన హుద్‌హుద్ విశాఖను తాకింది. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర ఒడ్డెక్కి, గజపతి, రాయగడ జిల్లాలను ముంచేసింది. కొండచరియలు విరిగిపడి గజపతి జిల్లాలో మనుషులు చనిపోయారు. మూడూ చిత్త కార్తె మొదట్లో వచ్చినవే, అంటే కుంటలు నిండి ఉండే రోజుల్లో. చాలామంది అలుగు (కుంట నిండాక మిగులు నీళ్లు బయటికి పోయే దారి) గురించి చివర్లో, డబ్బులన్నీ అయిపోయాక ఆలోచిస్తారు. నేనైతే గునపం దించకముందే దాని చోటు తేల్చుకోమంటాను.

చోటు చూసుకోవడం

వాన పడుతున్నప్పుడు గొడుగు పట్టుకుని పెరడంతా ఒకసారి తిరగండి. నీళ్లు ఎటు నుంచి వస్తున్నాయి, ఎక్కడ ఆగుతున్నాయి, ఎటు బయటికి పోతున్నాయి అన్నది కళ్లారా చూడాలి. ఎండాకాలంలో చూసేవాళ్లకు కొట్టుకొచ్చి ఆగిన ఆకులు, ఇసుక చారలు ఆ దారి చెబుతాయి.

కుంట ఇంటికంటే పల్లంలోనే ఉండాలి. ఇంటి గోడకు, పక్కవాళ్ల గోడకు కనీసం 20 అడుగులు వదలండి. మరుగుదొడ్డి ట్యాంకుకు 50 అడుగులైనా దూరం ఉండాలి. కరెంటు తీగల కింద వద్దు. గెడ్డ (వాగు) దారిలో మాత్రం, అది ఏడాదిలో పది నెలలు ఎండిపోయి ఉండేదైనా సరే, అస్సలు తవ్వకండి. కొండ మీద కురిసిన వాన గంటలో కిందికి దిగుతుంది, పెరటి గట్టు దాన్ని ఆపలేదు.

అలుగు నీళ్లు వెళ్లేది పక్కవాళ్ల పొలం అంచు నుంచి అయితే ముందే మాట్లాడుకోండి. "బావా, మా కుంట నిండితే నీళ్లు నీ గట్టు పక్కగా గెడ్డలోకి పోతాయి, కాలవ నా ఖర్చుతోనే తవ్విస్తాను" అని ఎండాకాలంలో అడిగితే ఎవరూ కాదనరు. వానలో పార పట్టుకుని ఎదురుపడితే మాట వేరేగా ఉంటుంది. తవ్వే నేల మీ పట్టాలోదేనా అన్నది కూడా తహసీల్ ఆఫీసు కాగితాల్లో చూసుకోండి. ఉపాధి పనుల కింద సేద్యపు కుంటలు ఇస్తున్నారేమో పంచాయతీలో అడగండి. అలా దొరికేలా ఉంటే, మంజూరు కాకముందు పని మొదలుపెట్టొద్దు.

మట్టి పరీక్ష

మూడడుగుల గొయ్యి తీసి సాయంత్రం నీళ్లు నింపండి. ఇంకాక మళ్లీ నింపి, పొద్దున్నే వెళ్లి చూడండి. సగానికి పైగా ఉంటే నేల నీటిని పడుతుంది. ఖాళీ అయిపోతే అడుగున గరప, అంటే నీళ్లు ఇంకిపోయే నేల, ఉన్నట్టు. మట్టిని తడిపి ఉండ చేసి నడుము ఎత్తు నుంచి వదిలినా తెలుస్తుంది: పగలకుండా అణిగితే జిగట నేల, పొడి పొడి అయితే ఇంకిపోయే నేల.

గరప నేల వచ్చిందని కుంట మానుకోనక్కర్లేదు. ఊరి బందలో (చెరువులో) పూడిక తీసేటప్పుడు వచ్చే ఒండ్రు మట్టిని అర అడుగు మందంగా అడుగున, పక్కలకు పరిచి, తడిపి, పశువులతో తొక్కించాలి. ప్లాస్టిక్ లైనర్ వేయాలంటే 500 మైక్రాన్ల షీటు అడగండి. కానీ వంశధార నది పక్క పల్లపు ఊళ్లలో లైనర్ వేసేముందు ఒక్కసారి ఆలోచించాలి. వానాకాలంలో అక్కడ భూగర్భ నీరు పైకొస్తుంది, కుంటలో నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు అది కింద నుంచి షీటును బుడగలా ఎత్తేస్తుంది. అలాంటి చోట షీటు లేని కుంటే మేలు.

ఎంత తవ్వాలి?

పైన 40 అడుగుల పొడవు, 30 అడుగుల వెడల్పు, 6 అడుగుల లోతు తీసుకుందాం. పక్కలు నిలువుగా ఉండకూడదు. అడుగు లోతుకు అడుగున్నర చొప్పున లోపలికి వాలు ఇస్తే అడుగున 22 అడుగులు, 12 అడుగులు మిగులుతుంది. ఇందులో దాదాపు 1 లక్షా 15 వేల లీటర్లు పడతాయి. గట్లతో కలిపి ఏడెనిమిది సెంట్ల చోటు పోతుంది. అంత లేనివాళ్లు పొడవు, వెడల్పు తగ్గించుకోండి గానీ వాలు తగ్గించకండి. "నిలువుగా కొట్టేస్తాను సార్, ఇంకా ఎక్కువ నీళ్లు పడతాయి" అంటాడు జేసీబీ డ్రైవరు. ఒప్పుకోవద్దు. నిలువు పక్కలు మొదటి పెద్ద వానకే కూలి కుంటలోనే పడతాయి. పిల్లలో, దూడో జారిపడితే ఎక్కి రావడానికి కూడా దారి ఉండదు.

ఇప్పుడు ఇంకో లెక్క. ఎకరం నేల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే 4 లక్షల లీటర్ల నీళ్లు. సగం ఇంకిపోయినా 2 లక్షల లీటర్లు మీ కుంట వైపు పారతాయి. వాతావరణ శాఖ లెక్కలో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.5కు చేరితే అత్యంత భారీ. అంటే ఒక్కరోజు మామూలు "భారీ" వానకే ఖాళీ కుంట నిండి, ఇంకా 85 వేల లీటర్లు బయటికి దారి వెతుక్కుంటాయి.

తవ్వకం, గట్టు

మార్చి, ఏప్రిల్ నెలల్లో మొదలుపెట్టి రోహిణి కార్తె లోపు ముగించండి. మృగశిర వచ్చాక తవ్వితే గట్టు ఆరదు, అణగదు. వాన పడుతున్నప్పుడు గోతిలోకి ఎవరినీ దిగనివ్వకండి.

సున్నంతో గీతలు గీసి, పైనున్న అడుగు నల్లమట్టిని విడిగా పోయించండి, అది కూరగాయల మడికి బంగారం. తర్వాత వచ్చే మట్టితోనే గట్టు. గోతి అంచు నుంచి మూడడుగులు ఖాళీ వదిలి కట్టాలి, లేకపోతే ఆ బరువుకే అంచు విరుగుతుంది. గట్టు వచ్చే చోట గడ్డి, వేళ్లు పెరికేసి అడుగు లోతు చాలు తీసి జిగట మట్టితో నింపండి. దీన్ని చాలామంది వదిలేస్తారు. పాత నేలకూ కొత్త మట్టికీ మధ్య ఆ గడ్డి కుళ్లి, అక్కడి నుంచే ఊట మొదలవుతుంది.

మట్టిని ఒక్కసారే కుప్ప పోయకూడదు. అర అడుగు పొర వేయడం, నీళ్లు చల్లడం, దిమ్మిసతో కొట్టడం, మళ్లీ పొర. పైన మూడడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు చాలు. అణుగుతుంది కాబట్టి రెండు మూడు అంగుళాలు ఎక్కువే కట్టండి. తవ్విన మట్టి ఇంకా కొంత మిగులుతుంది, దాంతో శాల నేల ఎత్తు చేసుకోవచ్చు. గట్టు మీద గరిక, బయటి వాలున వట్టివేరు నాటండి. చెట్లు వద్దు. వేరు చచ్చి కుళ్లిన చోట గట్టులో గొట్టం ఏర్పడుతుంది.

నీళ్లు లోపలికి వచ్చే చోట ముందుగా మూడడుగుల చిన్న గుంట ఒకటి తవ్వితే ఒండ్రు అందులోనే ఆగుతుంది. అక్కడి నుంచి కుంటలోకి దిగే వాలున రాళ్లు పేర్చండి.

అలుగు

కొత్తగా పోసిన గట్టు మీద అలుగు పెట్టకూడదు. గట్టు చివర, ఎప్పుడూ తవ్వని గట్టి నేల మీద పెట్టాలి. అలుగు మట్టం కంటే గట్టు కనీసం అడుగున్నర ఎత్తుగా ఉండాలి. ఈ తేడా కంటిచూపుతో తేలదు. మేస్త్రీలు వాడే నీళ్ల ట్యూబు పట్టి గట్టు చుట్టూ నాలుగైదు చోట్ల కొలవండి. ఒక్క మూల రెండు అంగుళాలు తగ్గినా నీళ్లు సరిగ్గా అక్కడి నుంచే పొర్లుతాయి.

ఎకరం నేల నుంచి నీళ్లు వచ్చే కుంటకు నాలుగడుగుల వెడల్పు అలుగు సరిపోతుంది. ఎకరం పెరిగే కొద్దీ ఇంకో నాలుగు అడుగులు కలపండి. రాళ్లు పరిచి, దిగువన కాలవ తీసి గెడ్డ దాకా తీసుకెళ్లాలి. బొచ్చె, శీలావతి పిల్లలు వదిలినవాళ్లు చేపలు పోకుండా అలుగుకు సన్నని వల కడుతుంటారు. వాన రాత్రి ఆ వలకు ఆకులు, చెత్త పట్టి అలుగు మూసుకుపోతుంది, నీళ్లు గట్టు ఎక్కుతాయి. వల కట్టాల్సిందే అంటే పెద్ద కన్నులది, లోపలి వైపు పొడవుగా వంపు తిప్పి కట్టండి. తుపాను హెచ్చరిక వస్తే తీసేయండి. చేపలు పోతే మళ్లీ కొనుక్కోవచ్చు.

వాన ముందు, వానలో

అక్టోబర్‌లో రేడియోలోనో ఫోన్‌లోనో హెచ్చరిక విన్న రోజే కుంటలో నీటి మట్టాన్ని ఒక అడుగు తగ్గించండి. మోటారు లేకపోయినా, గొట్టం నిండా నీళ్లు నింపి రెండు కొసలూ మూసి, ఒకటి కుంటలో ముంచి, రెండోది గట్టు అవతల పల్లంలో వదిలితే నీళ్లు వాటంతటవే లాగుతాయి.

అదే రోజు గట్టు చుట్టూ తిరిగి పీత కన్నాలు, ఎలుక బొరియలు వెతకండి. కన్నం నోట్లో మట్టి కుక్కితే లాభం లేదు. చివరిదాకా తవ్వి, జిగట మట్టిని ముద్దలుగా వేసి పొర పొరగా కొట్టాలి.

వానలో బయటి వాలున ఊట కనిపిస్తే ఒక గ్లాసులో పట్టి వెలుతురులో చూడండి. తేటగా ఉంటే గమనిస్తూ ఉండొచ్చు. ఎర్రగా, మట్టితో వస్తుంటే గట్టు లోపల కరుగుతోందని అర్థం. ఆ ఊటను బంకమట్టితో మూసేస్తే పక్కన ఇంకో చోట చీలుతుంది. దాని మీద ఇసుక, ఆపైన కంకర వేసి ఇసుక బస్తాలు పేర్చండి, నీళ్లు వస్తాయి గానీ మట్టి ఆగుతుంది. బస్తాను మూడింట రెండు వంతులే నింపాలి, నిండుగా కుట్టినది దేనికీ అతుక్కోదు.

నీళ్లు గట్టు అంచుకు చేరితే అలుగును వెడల్పు చేయండి, గట్టు మధ్యలో ఎప్పుడూ కోయకండి. గట్టు మీద పగులు పొడుగునా సాగితే పార వదిలేసి దిగిపోండి. పల్లంలో ఉన్న ఇళ్లవాళ్లను లేపండి. చీకట్లో ఒక్కరే కుంట దగ్గరికి వెళ్లొద్దు, టార్చి, కర్ర, తోడు మూడూ ఉండాలి. కుంట చుట్టూ వెదురు కంచె, లోపల మెట్లు, గుంజకు కట్టిన తాడు ఎటూ ఏడాదంతా ఉండాల్సినవే.

వాన వెలిశాక నీళ్లన్నీ ఒకేసారి తోడేయాలని తొందరపడకండి. తడిసి బరువెక్కిన పక్కలకు ఎదురుగా నీటి ఆసరా పోతే జారి పడతాయి, రోజుకు అడుగు మించి దించొద్దు. నేల ఆరాక గట్టు కోసుకుపోయిన చోట్లు పూడ్చి దిమ్మిస వేయండి. ఒండ్రు గుంటను మాత్రం ప్రతి పెద్ద వాన తర్వాత ఖాళీ చేసి, ఆ మట్టిని అరటి పాదుల్లో పోసేయండి.