సోలార్ వేడినీళ్ల పైపుకి తొడుగు మనమే వేసుకోవచ్చు

మా అనంతపురంలో ఎండకి కొదవ లేదు, మిద్దె మీద సోలార్ హీటర్ నీళ్లు కాలిపోయేంత వేడిగా ఉంటాయి, కానీ డిసెంబర్‌లో పొద్దున కొళాయి తిప్పితే బకెట్ సగం నిండేదాకా చన్నీళ్లే, ఎందుకంటే పైపులో రాత్రంతా నిలబడిన నీళ్లు చల్లారిపోయుంటాయి. తొడుగు వేస్తే అవి చల్లారకుండా ఆగవు, మెల్లగా చల్లారతాయి అంతే, అసలు లాభం ఏందంటే నీళ్లు పారేటప్పుడు దారిలో వేడి అంతగా పోదు.

హార్డ్‌వేర్ షాపులో నల్లటి నైట్రైల్ ఫోమ్ ట్యూబ్ అని అడగండి. సైజు దగ్గరే అందరూ తప్పు చేసేది, అరంగుళం సీపీవీసీ (వేడినీళ్లకి వేసే ప్లాస్టిక్) పైపు బయటి కొలత దాదాపు 16 మిల్లీమీటర్లు, ముప్పావంగుళానిది 22, ట్యూబ్ లోపలి కొలత దానికి సరిపోవాల, వదులుగా ఉంటే గాలి ఆడి దండగ.

పొద్దున్నే పైపు చల్లగా ఉన్నప్పుడు తుడిచి, ట్యూబ్‌ని నిలువుగా చీల్చి తొడిగి, చీలిక కిందికి పెట్టి గమ్‌తో అతికించండి. మూలల్లో 45 డిగ్రీలకి కోసి కలపండి, సందులు వదలద్దు. ట్యాంకు మీద గాలి పోయే గొట్టం మూతి మాత్రం మూసేయద్దు సామీ!

మన ఎండకి ఒట్టి ఫోమ్ పొడిపొడిగా రాలిపోతుంది, కాబట్టి పైన అల్యూమినియం టేప్ చుట్టాల్సిందే, నిలువు పైపుకి కిందనుంచి పైకి చుట్టితే వాన నీళ్లు లోపలికి దిగవు. కోతులు పీకితే మళ్లీ చుట్టుకోవడమే.