పండగ వంట నేర్చుకుందాం – 3వ పాఠం: ఉగాది భోజనానికి జాబితా రాయడం

మొదటి రెండు పాఠాల్లో ఎంతమందికి ఎంత బియ్యం, ఎంత పప్పు అనే లెక్కా, సామాన్ల చీటీ రాయడమూ చూశాం. ఈసారి అసలు పని, ఏమేం వండాలో తేల్చుకోవడం. ఉగాదినే తీసుకుందాం. తినేవాళ్లు ఎనిమిది మంది. ఇంట్లో రెండు పొయ్యిల గ్యాస్ స్టవ్. వండేది ఒకరు, పక్కన సాయానికి ఇంకొకరు. మధ్యాహ్నం పన్నెండున్నరకు విస్తళ్లు వేయాలి.

జాబితా అనగానే చాలామంది నోటికొచ్చిన పేర్లన్నీ రాసేస్తారు. పులిహోర, బొబ్బట్లు, గారెలు, పరమాన్నం, మామిడికాయ పప్పు, వంకాయ కూర, చారు... చదువుకోవడానికి బాగానే ఉంటుంది. పదకొండింటికి చూస్తే ఒక పొయ్యి మీద బొబ్బట్ల పెనం, రెండో దాని మీద నూనె మూకుడు, పప్పు ఇంకా కుక్కర్‌లోకే వెళ్లలేదు. టెన్షన్ అక్కడ మొదలవుతుంది. అందుకే ముందు ఆ పండగకు తప్పకుండా ఉండాల్సిన తీపి ఒక్కటి రాయండి. తక్కినవి దాన్ని బట్టి ఎంచుకోండి.

ఉగాదికి ఆ తీపి బొబ్బట్టే. తెలంగాణలో భక్షాలు, పోలెలు అన్నా, సీమలో ఓళిగలు అన్నా లోపల ఉండేది శనగపప్పు, బెల్లం పూర్ణమే. పావు కిలో పప్పుకు పావు కిలో బెల్లం వేస్తే చిన్న నిమ్మకాయంత ఉండలు పదహారు దాకా వస్తాయి. మనిషికి రెండు. పప్పును మూడింతల కంటే ఎక్కువ నీళ్లలోనే ఉడికించండి. గింజ విడిగా కనబడాలి, వేళ్ల మధ్య నొక్కితే మెత్తగా నలగాలి. అప్పుడు దించి నీళ్లు పూర్తిగా వార్చాలి. వార్చడంలో తొందరపడితే బెల్లం కలిపాక పూర్ణం జారుగా అయిపోతుంది. అలా అయితే సన్న సెగ మీద, గరిటె తిప్పితే ముద్ద గిన్నె అంచులు వదిలేదాకా దగ్గరపడనివ్వండి.

వార్చిన ఆ నీళ్లే కట్టు. దాన్ని పారబోయకండి, మన జాబితాలో రెండో వంటకం అదే. కట్టులో చింతపండు రసం, ఉప్పు, చారు పొడి, కాస్త పూర్ణం వేసి మరగనిచ్చి, ఆవాలు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో తాలింపు పెడితే భక్షాల చారు సిద్ధం. బొబ్బట్లు ఉన్న రోజు వేరే చారు ఎందుకు? ఈ చారులోని చిక్కదనం మామూలు చారుకు రాదు. ఒక వంటకం ఇంకోదానికి ఇలా దారి చూపిస్తే పనీ తగ్గుతుంది, భోజనానికి ఒక పొందికా వస్తుంది.

ఇప్పుడు పులుపు సంగతి. ఉగాది పచ్చడిలో చింతపండు, మామిడికాయ రెండూ ఉంటాయి. చారులో చింతపండు ఉంది. వీటికి తోడు మామిడికాయ పులిహోర, మామిడికాయ పప్పు రెండూ పెడితే పెరుగన్నం దాకా నాలుక మీద ఒకే రుచి. కొత్త మామిడికాయ మోజులో ఇది మామూలుగా జరిగేదే. నన్నడిగితే పులిహోర ఉంచి, పప్పును కమ్మటి ముద్దపప్పు చేయండి. నెయ్యి వేసుకుని తింటారు, పిల్లలకూ ఇబ్బంది ఉండదు. కూర కూడా పులుసు పెట్టనిదై ఉండాలి. దొండకాయ వేపుడో, బీరకాయ కూరో చాలు.

గారెలు కావాలా వద్దా అన్నది పొయ్యిని అడిగి తేల్చుకోవాలి. బొబ్బట్టు ఒక్కోదానికి రెండు మూడు నిమిషాలు, అంటే పదహారింటికి ముప్పావు గంట ఒక పొయ్యి మనది కాదు. గారెలు వేడిగా తినాలంటే సరిగ్గా అదే టైముకు రెండో పొయ్యీ పోతుంది. ఇంట్లో పెద్దవాళ్లు గారెలు ఉండాల్సిందే అంటే ఆవడలు చేయండి. పెరుగులో నానాలి కాబట్టి తొమ్మిదింటికే వేసి పక్కన పెట్టేయొచ్చు. పావు కిలో మినప్పప్పు సరిపోతుంది. పైగా ఎండాకాలం, చల్లటి ఆవడ హాయిగా ఉంటుంది. పరమాన్నం మాత్రం కొట్టేయండి. బొబ్బట్టు ముందు దాన్ని ఎవరూ సరిగ్గా తినరు, పాలు వృథా.

వేళలు వెనక నుంచి రాసుకోండి. పన్నెండున్నరకు వడ్డన, పన్నెండుకు నైవేద్యం. అన్నం, వేపుడు పదకొండున్నరకల్లా అయిపోవాలి. పదిన్నరకు బొబ్బట్లు మొదలుపెట్టాలంటే పిండి ఎనిమిదింటికే కలిపి నూనెలో నాననివ్వాలి. ఆవడలకు ముందు, ఎనిమిదిన్నరలోపు, పులిహోరకు అన్నం వండి పళ్లెంలో ఆరబెట్టాలి. ముందురోజు వండినది దేవుడికి పెట్టని ఇళ్లలో పొద్దున ఐదున్నరకు శనగపప్పు పొయ్యెక్కాలి. ఆ పట్టింపు లేకపోతే పూర్ణం, కట్టు రాత్రే చేసి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. పెరుగు తోడు పెట్టడం, మినప్పప్పు నానబోయడం ఎలాగూ రాత్రి పనులే. ఉగాది పచ్చడి పరగడుపున తినేది కాబట్టి ఎనిమిదికల్లా అయిపోవాలి.

ఇంకొకటి మరిచిపోవద్దు. నైవేద్యం అయ్యేదాకా వంట రుచి చూడరు. కాబట్టి ఉప్పు కొలతలు జాబితాలోనే వంటకం పక్కన రాసుకోవాలి. అర కిలో బియ్యం పులిహోరకు రెండున్నర టీస్పూన్లు అనుకోండి. మామిడికాయ పులుపు ఒక్కో కాయకు ఒక్కోలా ఉంటుంది. కొన్నరోజే ఒక ముక్క కోసి తిని చూస్తే ఎంత తురుము పడుతుందో అంచనా దొరుకుతుంది.

అంటే మన జాబితా: ఉగాది పచ్చడి, ముద్దపప్పు, నెయ్యి, దొండకాయ వేపుడు, మామిడికాయ పులిహోర, బొబ్బట్లు, భక్షాల చారు, ఆవడలు, పెరుగు. అప్పడాలు ఉంటే చివర్లో వేయించండి, లేకపోయినా లోటు కాదు.

అభ్యాసం: ఇదే పద్ధతిలో మీ ఇంటి వినాయక చవితి జాబితా రాయండి. మొదట ఉండ్రాళ్లు, కుడుములు రాసి, ఏవి ఆవిరి మీద ఉడుకుతాయో, ఏవి నూనెలో వేగుతాయో విడదీయండి. ఒకే టైముకు రెండు కంటే ఎక్కువ గిన్నెలు పొయ్యి కావాలంటున్నాయేమో చూసి, ఉంటే ఏది ముందుకు జరపాలో, ఏది తీసేయాలో పక్కనే కారణంతో రాయండి. వచ్చే పాఠంలో ఆ జాబితాతోనే వడ్డన వరస మొదలుపెడదాం.