కాంబో ఎక్కడ తెగుతోంది: ఫైటింగ్ గేముల్లో ఫ్రేముల లెక్క, సమస్య - పరిష్కారం

హైదరాబాదులో స్ట్రీట్ ఫైటర్, టెక్కెన్ ఆడే కొత్తవారు కాంబో (ప్రత్యర్థి తప్పించుకోలేకుండా వరుసగా తగిలే దెబ్బలు) తెగిన ప్రతిసారీ తమ చేతివేగం చాలలేదని అనుకుంటారు. అలా అనుకుని బటన్లను ఇంకా వేగంగా నొక్కుతారు, కాంబో మరింత తరచుగా తెగుతుంది. చాలా సందర్భాల్లో అసలు కారణం దీనికి విరుద్ధంగా ఉంటుంది: బటన్ పడవలసిన సమయానికి ముందే పడుతోంది. అందువల్ల సాధన పెంచే ముందు, బటన్ ముందు పడిందా, ఆలస్యంగా పడిందా, లేక ఆ దెబ్బ అక్కడ అసలు కలిసేదే కాదా అన్నది తేల్చుకోవాలి.

తేల్చుకోవడానికి కావలసిన లెక్క చిన్నదే. ఈ గేములు సెకనుకు 60 ఫ్రేముల (తెరపై వరుసగా మారే బొమ్మల) చొప్పున నడుస్తాయి కాబట్టి ఒక్కో ఫ్రేము సుమారు 16.67 మిల్లీసెకన్లు ఉంటుంది. ప్రతి దెబ్బకూ బయటికి వచ్చేవరకు పట్టే స్టార్టప్, తగిలే శక్తి ఉన్న యాక్టివ్, తిరిగి నిలదొక్కుకునే రికవరీ అనే మూడు దశలుంటాయి. దెబ్బ తిన్నవాడు కదలలేని కాలం హిట్‌స్టన్. మన రికవరీ ముగిసిన తరువాత కూడా ప్రత్యర్థి ఇంకా 5 ఫ్రేములు కదలలేని స్థితిలో ఉంటే, ఆ దెబ్బ తగిలినప్పుడు ప్లస్ 5 అంటారు. తరువాతి దెబ్బ స్టార్టప్ 4 అయితే, అంటే నాలుగో ఫ్రేములో తగిలేదైతే, దాన్ని నొక్కడానికి మనకు రెండు ఫ్రేముల అవకాశం ఉంటుంది. అదే ప్లస్ 4 అయితే ఒక్క ఫ్రేమే మిగులుతుంది, ప్లస్ 3 అయితే ఎంత నేర్పరికైనా ఆ రెండూ కలవవు. పాత పట్టికలు కొన్ని తగిలే ఫ్రేమును స్టార్టప్‌లో కలపకుండా లెక్కిస్తాయి కనుక, పట్టిక ఏ పద్ధతిలో రాశారో చూడకపోతే ప్రతి లెక్కా ఒక ఫ్రేము తప్పుతుంది.

సమస్య: రెండో దెబ్బ కలవడం లేదు

ట్రైనింగ్ మోడ్‌లో ప్రత్యర్థిని మొదటి దెబ్బ తిన్నాక బ్లాక్ చేసేలా అమర్చండి. ఊరికే నిలబడిన ప్రత్యర్థికి ఆలస్యంగా వచ్చిన దెబ్బ కూడా తగులుతుంది కాబట్టి, కాంబో అంకెను గమనించని వారికి తప్పు కనబడదు. ఇలా అమర్చాక, రెండో బటన్ నొక్కినా పాత్ర ఏమీ చేయకుండా నిలబడితే మీరు ముందు నొక్కారు. దెబ్బ బయటికి వచ్చి, ప్రత్యర్థి దాన్ని బ్లాక్ చేస్తే ఆలస్యంగా నొక్కారు. 2023లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 6 ట్రైనింగ్ మోడ్‌లోని ఫ్రేమ్ మీటర్ ఈ తేడాను రంగుల గడుల్లో చూపిస్తుంది. నా దృష్టిలో కొత్తవారికి అంతకంటే మంచి గురువు లేదు.

ముందు నొక్కడానికి ముఖ్యమైన కారణం, అన్ని దెబ్బలనూ ఒకే తాళంలో నొక్కడం. దెబ్బ తగిలిన క్షణంలో పాత్రలిద్దరూ కొన్ని ఫ్రేములు బిగుసుకుపోతారు. బలమైన దెబ్బకు ఈ హిట్‌స్టాప్ సాధారణంగా ఎక్కువ, తేలికపాటి దెబ్బకు తక్కువ. ఎవరికీ తగలకుండా ఖాళీలో నొక్కి నేర్చుకున్న లయ ప్రత్యర్థి మీద పనిచేయకపోవడానికి ఇదే కారణం. కాబట్టి సాధన ఎప్పుడూ తగిలే దెబ్బలతోనే చేయాలి, రెండు దెబ్బల జంటను విడిగా తీసుకుని ఆ మధ్య విరామం చేతికి అలవాటయ్యాక మూడోది కలపాలి. స్ట్రీట్ ఫైటర్ 6 వంటి గేములు కొద్ది ఫ్రేములు ముందుగా నొక్కిన బటన్‌ను గుర్తుంచుకుని సమయానికి వాడుకుంటాయి కనుక తప్పు కొంతవరకు కప్పబడుతుంది. స్ట్రీట్ ఫైటర్ 4లో ఆ వెసులుబాటు లేనందువల్లనే ఒక్క ఫ్రేము లింకులకు (సరిగ్గా ఒకే ఫ్రేములో నొక్కితేనే కలిసే దెబ్బలకు) అంత పేరు వచ్చింది.

సమస్య: దెబ్బలు తగులుతున్నాయి, కానీ చివరి స్పెషల్ రావడం లేదు

లింక్ అంటే రికవరీ పూర్తయ్యాక కొత్త దెబ్బ వేయడం, క్యాన్సిల్ అంటే రికవరీని మధ్యలోనే కోసి స్పెషల్ (స్టిక్ తిప్పి బటన్ నొక్కితే వచ్చే ప్రత్యేక దెబ్బ) వేయడం. 1991 నాటి స్ట్రీట్ ఫైటర్ 2లో ఈ గొలుసు దెబ్బలు తయారీదారులు అనుకుని పెట్టినవి కావు, పరీక్షల్లో గమనించి ఉంచేసినవి. ఆ ఉంచేయడం వల్లనే ఈ ఆటల తీరంతా మారిందని నేను నమ్ముతాను. స్పెషల్ రాకపోతే ముందు ఆ మామూలు దెబ్బకు క్యాన్సిల్ అయ్యే గుణం ఉందో లేదో దెబ్బల జాబితాలో చూడండి. ఉంటే, స్టిక్ తిప్పడం దెబ్బ తగిలాక మొదలుపెడుతున్నారేమో గమనించండి. దెబ్బ బటన్ నొక్కిన వెంటనే స్టిక్ కదలిక మొదలై, తగిలే వేళకు దాదాపు పూర్తికావాలి. స్ట్రీట్ ఫైటర్ 4లో మాత్రం మరో చిక్కుంది: తేలికపాటి దెబ్బలను మరీ వేగంగా నొక్కితే అవి లింకుగా కాక చెయిన్‌గా (ముందు దెబ్బ రికవరీని కోస్తూ) వస్తాయి, చెయిన్‌గా వచ్చిన దెబ్బ నుంచి స్పెషల్‌కు క్యాన్సిల్ కుదరదు. అక్కడ పరిష్కారం చివరి తేలిక దెబ్బను కొంచెం ఆగి నొక్కడమే.

అడిగిన హడోకెన్‌కు (చేతుల నుంచి విసిరే శక్తి గోళానికి) బదులు షోర్యూకెన్ (పైకెగిరే పంచ్) వస్తుంటే, ముందుకు నడుస్తూ స్టిక్ తిప్పుతున్నారని అర్థం. స్టిక్‌ను ఒకసారి మధ్యకు వదిలి మొదలుపెట్టండి.

సమస్య: ట్రైనింగ్‌లో వస్తుంది, మ్యాచ్‌లో రాదు

మొదట ట్రైనింగ్ అమరికలో కౌంటర్ హిట్ ఆన్‌లో ఉండిపోయిందేమో చూడండి. స్ట్రీట్ ఫైటర్ 6లో ప్రత్యర్థి దెబ్బ వేయబోతుండగా తగిలే కౌంటర్ హిట్ 2 ఫ్రేములు, అతను రికవరీలో ఉండగా తగిలే పనిష్ కౌంటర్ 4 ఫ్రేములు అదనంగా ఇస్తాయి. మామూలు దెబ్బతో ఆ కాంబో కలవకపోవడం సహజం.

తరువాతది తెర. హాస్టల్ హాల్లోని పెద్ద టీవీలో బొమ్మకు మెరుగులు దిద్దే ప్రక్రియ కొన్ని ఫ్రేముల ఆలస్యం తెస్తుంది, ఇంట్లో మానిటర్ మీద నేర్చుకున్న లయ అక్కడ చెదురుతుంది. టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేయండి.

ఆన్‌లైన్ విషయం వేరు. అమీర్‌పేట హాస్టళ్ళలో, కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లలో పక్కపక్క గదుల వైఫైలన్నీ ఒకే తరంగాల మీద పోటీపడుతుంటాయి. అప్పుడు సగటు వేగం బాగున్నా ప్యాకెట్లు ఒక్కోసారి ఆలస్యంగా చేరతాయి. డిలే పద్ధతి (అవతలివారి బటన్ చేరేవరకు ఆటను ఆపే పద్ధతి) గేముల్లో ఆ ఆలస్యం మీ బటన్ మీదే పడుతుంది, లయ మాటిమాటికీ మారుతుంది. టోనీ కానన్ 2006లో తెచ్చిన జీజీపీఓ అనే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్‌తో ప్రచారం పొందిన రోల్‌బ్యాక్ పద్ధతిలో (అవతలివారి బటన్‌ను ఊహించి ఆడించి, తప్పైతే వెనక్కి వెళ్ళి సరిదిద్దే పద్ధతిలో) మీ బటన్ ఆలస్యం స్థిరంగానే ఉంటుంది, కానీ తగిలినట్లు కనిపించిన దెబ్బ క్షణంలో బ్లాక్‌గా మారవచ్చు. మనిషి కంటితో చూసి స్పందించడానికి సుమారు 200 నుంచి 250 మిల్లీసెకన్లు, అంటే 12 నుంచి 15 ఫ్రేములు పడుతుంది కాబట్టి, ఒక్క దెబ్బ చూసి నిర్ణయించుకోవడం మామూలుగానే కష్టం. రెండు మూడు తేలిక దెబ్బలు వేసి, తగిలాయని తేలాకే స్పెషల్‌కు వెళ్ళండి. వీలైతే కంప్యూటర్ దుకాణాలుండే సికింద్రాబాద్ సీటీసీలోనో, కోఠీలోనో ఒక ల్యాన్ కేబుల్ కొని రౌటర్‌కు నేరుగా కలపండి. ఎన్ని కొత్త కంట్రోలర్లు కొన్నా అంత లాభం ఉండదు.

సమస్య: దూరం నుంచి మొదలుపెడితేనే తెగుతుంది

ప్రతి దెబ్బా ప్రత్యర్థిని కొంచెం వెనక్కి నెడుతుంది, కాబట్టి దూరం నుంచి మొదలైన కాంబోలో మూడో దెబ్బ అందకపోవచ్చు. సమయం సరిగ్గానే ఉన్నా ఇది తెగుతుంది. దూరానికి తగిన చిన్న కాంబో ఒకటి, దగ్గరికి పెద్దది ఒకటి వేరువేరుగా సిద్ధం చేసుకోవాలి.

సమస్య: నా దెబ్బను బ్లాక్ చేసినవాడు నన్ను కొడుతున్నాడు

మీ దెబ్బ బ్లాక్ అయినప్పుడు మైనస్ 4 అయితే, అంటే ప్రత్యర్థి కంటే 4 ఫ్రేములు ఆలస్యంగా మీరు కదలగలిగితే, అతని 4 ఫ్రేముల జాబ్ (అత్యంత వేగమైన తేలిక పంచ్) ఖాయంగా తగులుతుంది. మైనస్ 2 అయితే ఖాయం కాదు, కానీ ఇద్దరూ అదే జాబ్ నొక్కితే అతనిదే రెండు ఫ్రేములు ముందు వస్తుంది. టెక్కెన్‌లో సాధారణ జాబ్ 10 ఫ్రేములు కనుక అక్కడ గీత మైనస్ 10 దగ్గర ఉంటుంది. మీరు తరచుగా వాడే నాలుగైదు దెబ్బల బ్లాక్ అంకెలు గుర్తుంచుకుని, మైనస్ ఉన్న వాటి తరువాత బటన్ వదిలి వెనక్కి పట్టుకోండి.