లేహ్ చలిలో అన్‌లోడ్ కాని కంప్రెసర్: నా అనుభవం

చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో ఏళ్ల తరబడి స్క్రూ కంప్రెసర్లు (గాలిని నొక్కి ట్యాంకులో నింపే యంత్రాలు) చూసిన నాకు, లడాఖ్‌లోని లేహ్ దగ్గర మైనస్ 20 డిగ్రీల చలిలో అదే యంత్రం కొత్తగా తోచింది. ఉదయం ఒత్తిడి 7 బార్ దాటినా అన్‌లోడ్ కాక, అంటే గాలి నొక్కడం ఆపక, చివరికి సేఫ్టీ వాల్వ్ తెరుచుకునేది. మధ్యాహ్నం ఎండకు తనంతట తానే బాగయ్యేది. సింథటిక్ ఆయిల్, సొలెనాయిడ్ (కరెంటుతో పనిచేసే చిన్న వాల్వ్), ప్రెషర్ స్విచ్ మార్చినా ఫలితం లేకపోయింది.

చివరకు కరెంటు తీసి, గాలి పూర్తిగా వదిలి, గాలి లోపలికి వచ్చే ఇన్‌లెట్ వాల్వ్‌కు, దాన్ని నడిపించే గాలిని తీసుకెళ్లే సన్నని కంట్రోల్ పైపును విప్పితే, కిందికి వంగిన చోట మంచు బిగుసుకుని ఉంది. మొదట ఆ వంపు తీసేసి, నీరు ట్యాంకులోకి జారేలా పైపును వాలుగా బిగించాను. రెండు రోజులకు మళ్లీ పట్టేసింది. అప్పుడు కంట్రోల్ గాలిని ట్యాంకు నుంచి కాక, డెసికెంట్ డ్రైయర్ (తేమను పీల్చే పదార్థంతో గాలిని ఆరబెట్టేది) దాటిన తర్వాత తీసుకున్నాను. మన వైపు వాడే, గాలిని చల్లబరిచి ఆరబెట్టే రిఫ్రిజరేటెడ్ డ్రైయర్ గాలి మంచుబిందు స్థానాన్ని (తేమ నీరుగా మారే ఉష్ణోగ్రతను) 3 డిగ్రీల వరకే దించుతుంది కనుక అక్కడ అది చాలదు. డెసికెంట్ రకం మైనస్ 40 వరకు దించగలదు. ఆపైన పైపుకు హీటింగ్ కేబుల్ చుట్టి, దానిపై ఫోమ్ తొడిగాను. రోజూ యంత్రం ఆపగానే, ఇంకా వెచ్చగా ఉండగానే, ట్యాంకు నీరు వదిలించాను.

ఇది ఒక్క యంత్రంతో వచ్చిన అనుభవం మాత్రమే. మధ్యాహ్నం కూడా అన్‌లోడ్ కాకపోతే కారణం మంచు కాకపోవచ్చు. అప్పుడు ఇన్‌లెట్ వాల్వ్‌నే విప్పి చూడాలి.