నమూనా గీసి సాఫ్ట్‌వేర్ కట్టడం – 3వ పాఠం: ఒక అడుగు ఎంత?

స్థితి (ఒక క్షణంలో సిస్టమ్‌లోని విలువలన్నీ కలిపి) అంటే ఏమిటో, దాన్ని వేరియబుల్స్‌తో ఎలా రాసుకోవాలో పోయిన పాఠంలో చూశాం. ఈసారి దాన్ని కదిలిద్దాం. ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి మారడమే ఒక అడుగు. కాగితం, పెన్సిలు దగ్గర పెట్టుకోండి. ఇది చదివితే వచ్చేది కాదు, గీస్తేనే వస్తుంది.

ఒకే ఒక్క సీటు మిగిలి ఉంది. క, గ అనే రెండు రిక్వెస్టులు వచ్చాయి. ఒక్కోటి ముందు సీటు ఉందా అని చూస్తుంది, ఉంటే తన పేర రాసుకుంటుంది. కోడ్‌లో ఇవి పక్కపక్క లైన్లే కాబట్టి ఒకే పని అనిపిస్తుంది. కానీ ఆ రెండు లైన్ల మధ్య ఇంకో రిక్వెస్టు దూరగలదు. అందుకే నమూనాలో వాటిని రెండు అడుగులుగా రాయాలి.

సీట్ల లెక్క 1 లేదా 0. ఒక్కో రిక్వెస్టు ‘మొదలు’ దశలో ఉంటుంది. చూసినప్పుడు లెక్క 1 అయితే ‘చూసింది’కి, 0 అయితే ‘లేదు’కి వెళ్తుంది. ‘చూసింది’ నుంచి ‘దక్కింది’కి వెళ్తూ లెక్కను 0 చేస్తుంది. నియమాలు ఇంతే. ఎక్కడా తప్పకూడని షరతు, అంటే ఇన్వేరియంట్: రెండూ ‘దక్కింది’లో ఉండకూడదు.

ఇప్పుడు మొదటి స్థితి నుంచి బాణాలు గీయండి. ప్రతి స్థితిలోనూ ‘ఇక్కడ ఎవరెవరు కదలగలరు?’ అని అడగండి. ఓపికగా గీస్తే మొత్తం 11 స్థితులు వస్తాయి. పదకొండోది చూడండి: క దక్కింది, గ దక్కింది, లెక్క 0. షరతు విరిగింది! ఈ నాలుగు అడుగులను 6 వరుసల్లో పేర్చవచ్చు. అందులో 4 ఆ తప్పు స్థితికే చేరతాయి. అయినా మామూలు టెస్టుల్లో ఇది ఎన్నాళ్లయినా బయటపడకపోవచ్చు. అక్కడ ఒక రిక్వెస్టు ముగిశాకే రెండోది మొదలవడం పరిపాటి.

చూడటం, రాయడం రెండింటినీ విడదీయరాని ఒకే అడుగు చేసి మళ్లీ గీయండి. 5 స్థితులే మిగులుతాయి, ఒక్కటీ తప్పు కాదు. అయితే నమూనాలో ఒక అడుగని రాసుకున్నంత మాత్రాన అసలు సిస్టమ్‌లో అది ఒక అడుగైపోదు. డేటాబేస్ ట్రాన్సాక్షనో (కొన్ని పనులను ఒక్కటిగా చేసే ఏర్పాటు), లాకో (ఒకరి పని ముగిసేదాకా ఇంకొకరిని ఆపే తాళం) ఆ మాటను నిలబెట్టాలి. నా దృష్టిలో మోడలింగ్ అంతటిలో కీలకమైన నిర్ణయం ఇదే. అడుగును అవసరానికి మించి పెద్దది చేస్తే తప్పు దాని లోపల దాక్కుంటుంది, చిన్నది చేస్తే స్థితులు వరదలా పెరుగుతాయి. రెండు ప్రాసెస్‌లు చెరో 10 అడుగులు వేస్తే చాలు, వరుసలు 1,84,756.

అది చేత్తో అయ్యే పని కాదు. కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ రూపొందించిన టీఎల్ఏ ప్లస్ భాషలో నమూనా రాస్తే, టీఎల్‌సీ అనే మోడల్ చెకర్ చేరగల స్థితులన్నీ తిరిగి చూసి, షరతు విరిగితే అక్కడికి చేరే దారిని చూపిస్తుంది. అమెజాన్ ఇంజనీర్లు తమ డేటాబేస్ సేవ డైనమోడీబీని ఇలా పరీక్షించినప్పుడు దొరికిన ఒక లోపానికి అతి చిన్న దారే 35 అడుగులు. అంత దూరం ఊహతో వెళ్లడం ఎంత అనుభవజ్ఞుడికైనా కష్టమే.

అభ్యాసం: ‘చూసింది’ దశలో రిక్వెస్టు క్రాష్ కావచ్చనే అడుగును రెండు నమూనాల్లో మొదటిదానికి చేర్చండి. ఇన్వేరియంట్ సంగతి అలా ఉంచి, సీటు ఎవరికీ దక్కకుండా అన్నీ ఆగిపోయే స్థితి ఉందేమో వెతకండి. అలాంటిది ఇన్వేరియంట్‌కు ఎందుకు చిక్కదో ఒక వాక్యంలో రాసిపెట్టుకోండి. 4వ పాఠం అక్కడి నుంచే మొదలవుతుంది.