‘ఇంటర్‌నెసీన్’ అంటే ముసలం పుట్టడమే

ఇంగ్లిష్ వార్తల్లో ‘ఇంటర్‌నెసీన్’ కనిపిస్తే, ఒకే పార్టీవాళ్లో ఒకే కుటుంబంవాళ్లో తమలో తాము కొట్టుకుని నాశనమవుతున్నారని అర్థం. మన ‘ముసలం’ దీనికి చక్కగా సరిపోతుంది. లాటిన్‌లో ‘నెకారే’ అంటే చంపడం. ముందున్న ‘ఇంటర్’ అక్కడ ‘మధ్య’ కాదు, ‘పూర్తిగా’ అని నొక్కి చెప్పేది. అందుకే 17వ శతాబ్దపు ఇంగ్లిష్‌లో ఈ మాటకు ‘ఊచకోతగా సాగే’ అనే అర్థమే ఉండేది. 1755 నాటి తన నిఘంటువులో శామ్యూల్ జాన్సన్ ఆ ‘ఇంటర్’ని ‘పరస్పరం’గా తీసుకున్నాడు, అదే నిలబడిపోయింది.

ఇది విశేషణం, కాబట్టి తర్వాత వార్, ఫ్యూడ్, స్ట్రైఫ్ లాంటి నామవాచకం రావాలి. వేర్వేరు దేశాల యుద్ధానికి వాడకపోవడమే మంచిది. చిన్నచిన్న మాటపట్టింపులకైతే మరీ బరువైన మాట. పలికేటప్పుడు ఊనిక ‘నె’ మీద ఉంచండి. బ్రిటన్‌లో ‘ఇంటర్‌నీసైన్’ అంటారు.